ఇసుక గాలిలో ఛాయాగ్రాహకుడు: ఫ్రాంక్ హర్లీ

ఎడారిలో గాలి లేచినప్పుడు ముందుగా మాయమయ్యేది దిగంతం. ఆ తరువాత సూర్యుడు. కొంతసేపు మసిబారిన రాగిపళ్లెం వలె కనిపించి, ఆపైన ఎక్కడ ఉన్నాడో కూడ తెలియకుండా పోతాడు. ఆకాశమూ నేలా ఒకే రంగులో కలిసిపోతాయి. మనిషి ముఖానికి గుడ్డ చుట్టుకొని కూలబడతాడు. ఒంటె మాత్రం కంగారుపడదు. ఒత్తుగా పెరిగిన కనురెప్పల వెంట్రుకలు దాని కన్నులను కాపాడుతాయి. కంట పడిన నలుసును తుడిచివేసే పలుచని మూడవ రెప్ప ఒకటి దానికి ఉన్నది. ముక్కుపుటాలను అది ఇష్టం వచ్చినప్పుడు మూసుకోగలదు. మన నిఘంటువులు లొట్టిపిట అని కూడ పేర్కొన్న ఈ జంతువు ఆకారాన్ని చూచి నవ్వుకొనేవారు, ఆ గాలిలో దానిని చూస్తే నవ్వరు.

ఇట్టి గాలిలో సాగిపోయే ఒంటెల బారును ఛాయాచిత్రంగా పట్టడం ఎట్లా? కంటికి అది గంభీరమైన దృశ్యం. కెమేరాకు మాత్రం అదొక బూడిదరంగు మరక. వెలుగూ నీడా వేరుపడనిచోట కెమేరాకు పనిలేదు. పటంలో చూచేవారికి గాలి హోరు వినిపించదు, ఒంటికి ఇసుక తగలదు, నోట్లో ఇసుక కరకరలాడదు. ఈ చిక్కుతో జీవితమంతా పెనుగులాడిన మనిషి ఆస్ట్రేలియా దేశీయుడైన ఫ్రాంక్ హర్లీ. మంచు తుఫానులోనూ, యుద్ధభూమిలోనూ, ఎడారిలోనూ ఆయనను వెంటాడిన ప్రశ్న ఒక్కటే. కెమేరా చూడలేకపోయినదాన్ని చేతితో చేర్చవచ్చునా? చేరిస్తే ఆ పటం నిజాన్ని చెప్పినట్లా, చెరిచినట్లా?

జేమ్స్ ఫ్రాన్సిస్ హర్లీ 1885 అక్టోబరు 15వ తేదీన సిడ్నీ నగరంలోని గ్లీబ్ పేటలో జన్మించాడు. తండ్రి ఇంగ్లండు నుంచి వలస వచ్చిన అచ్చుపనివాడు, కార్మిక సంఘంలో పనిచేసినవాడు. కుర్రవానికి బడి నచ్చలేదు. పదమూడవ ఏట ఇంటినుంచి పారిపోయి లిత్‌గో ఊరి ఇనుపకర్మాగారంలో పనికి కుదిరాడు. పదిహేడేళ్ల వయస్సులో మొదటి కెమేరా కొన్నాడు. అది పదిహేను షిల్లింగుల కోడాక్ పెట్టె. ఒక్కసారిగా ఇచ్చుకోలేక వారానికొక షిల్లింగు చొప్పున బాకీ తీర్చాడు. అటుపిమ్మట సిడ్నీలో చిత్రాల పోస్టుకార్డులు అచ్చువేసే వ్యాపారంలో భాగస్థుడైనాడు.

ఆ పోస్టుకార్డుల వ్యాపారమే ఆయనకు పాఠశాల అయింది. కార్డు అమ్ముడుపోవాలంటే అంగడిలో చూచినవాని చూపు దానిమీద నిలవాలి. రైలింజను ఎదురుగా దూసుకువస్తూ ఉండాలి. అల రాతికి తగిలి విరిగే క్షణమే పటంలో ఉండాలి. అలనాటి గాజుపలకల లోపం కూడ ఆయనకు అక్కడే బోధపడింది. ఆ పలకలకు పూసిన మందు నీలిరంగు కాంతికి చప్పున స్పందించేది. పసుపుకూ ఎరుపుకూ మందకొడిగా స్పందించేది. నేలకు సరిపడేటంత సేపు వెలుగు సోకనిస్తే ఆకాశం తెల్లకాగితమై మేఘాలు అదృశ్యమయ్యేవి. అందుచేత పటాలు తీసేవారు మేఘాలను వేరే నెగటివు మీద పట్టి, చీకటిగదిలో ఆ రెండింటినీ ఒకే కాగితంమీద ముద్రించేవారు. ఇది హర్లీ కనిపెట్టిన విద్య కాదు. ఆయన పుట్టకమునుపే పందొమ్మిదవ శతాబ్దిలో అలవాటైన పద్ధతి. దానిని తప్పని అప్పటికెవరూ పెద్దగా అనుకోలేదు.

1911లో డగ్లస్ మాసన్ దక్షిణధ్రువ ప్రాంతానికి యాత్ర సన్నాహాలు చేస్తున్నాడని తెలిసి, ఆయన ఎక్కిన రైలు పెట్టెలోనే హర్లీ కూడ ఎక్కి, దారిపొడుగునా మాట్లాడి ఉద్యోగం సంపాదించుకొన్నాడని చెపుతారు. ఆ యాత్రికులు దిగిన కామన్‌వెల్త్ అఖాతపు తీరం భూమిమీద గాలి అతి తీవ్రంగా వీచే చోట్లలో ఒకటి. అక్కడ మనుషులు గాలిమీద ఒరిగి నడవవలసి వచ్చేది. ఎగిరే మంచుపొడిలో చేయి చాచితే చేయి కనబడదు. కెమేరా తెరిస్తే లోపల మంచు నిండుతుంది. ఇనుపభాగానికి వేలు తగిలితే చర్మం అతుక్కుపోతుంది. గాలికి ఎదురొడ్డి మంచుగడ్డలు తెచ్చుకొంటున్న మనుషుల పటం ఒకటి ఆ యాత్రనుంచి లోకప్రసిద్ధమైంది. కాని అది ఒక్క నెగటివు నుంచి వచ్చినది కాదని, చీకటిగదిలో పొందుపరచినదని తరువాతివారు గుర్తించారు. ఇసుక తుఫానుకు ఆయన తరువాత చేసిన వైద్యానికి మంచు తుఫానులోనే మందు నూరుకొన్నాడని చెప్పవచ్చు.

1914లో ఎర్నెస్ట్ షాకిల్‌టన్ వెంట ఎండ్యూరెన్స్ ఓడమీద హర్లీ మళ్లీ దక్షిణానికి వెళ్లిన కథ పాఠకులలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1915 జనవరిలో ఓడ మంచులో చిక్కుకొన్నది. ఆగస్టు 27వ రాత్రి హర్లీ మంచుదిబ్బల వెనుక ఇరవైచోట్ల మెగ్నీషియం పొడి అమర్చి, వెలిగించి, చీకటిలో దెయ్యపుటోడ వలె నిలిచిన ఆ నౌకను చిత్రించాడు. అక్టోబరులో ఓడ నలిగిపోయింది. మునిగిన గదిలో మంచునీటిలోకి దిగి నెగటివుల పెట్టెలను ఆయన పైకి తెచ్చాడు. అయితే మంచుమీద పడవలు లాగవలసిన మనుషులు గాజుపలకల బరువు మోయలేరు. నవంబరు 9న ఆయనా షాకిల్‌టనూ కూర్చుండి ఒక్కొక్క పలకనే వెలుగుకెత్తి చూచి, సుమారు 120 ఉంచుకొన్నారు. మిగిలిన 400 పలకలను, మళ్లీ మనసు మారకుండా, అక్కడికక్కడే పగులగొట్టారు. కెమేరాలు కూడ పోయి జేబులో పట్టే చిన్న కోడాక్ ఒకటి, మూడు ఫిల్ముచుట్టలు మాత్రమే మిగిలాయి.

ఇంత చేసి కాపాడిన పటాలలోనూ ఒకదానిని హర్లీ ఉన్నదున్నట్లు ఉంచలేదు. 1916 ఏప్రిలులో ఎలిఫెంట్ దీవినుంచి సహాయం తెచ్చుటకు షాకిల్‌టన్ చిన్నపడవలో బయలుదేరినప్పుడు, ఒడ్డున నిలిచినవారు చేతులెత్తి వీడ్కోలు చెప్పుతూండగా తీసిన పటం అది. ఆగస్టు 30న రక్షకనౌక వచ్చినప్పటి పటంగా దానిని దిద్ది లోకానికి చూపారు. మేఘం చేర్చడం వేరు. వీడ్కోలును స్వాగతంగా మార్చడం వేరు. మొదటిదానిని నేను క్షమిస్తాను, రెండవదానిని క్షమించలేను. ఈ రెండింటి నడుమ ఉన్న గీతను హర్లీ ఎన్నడూ స్పష్టంగా గీసుకొన్నట్లు కనబడదు.

1917లో ఆయనను ఆస్ట్రేలియా సైన్యపు అధికార ఛాయాగ్రాహకునిగా, గౌరవ కెప్టెను హోదాతో నియమించారు. ఆగస్టులో బెల్జియంలోని ఈప్ర్ యుద్ధరంగానికి చేరాడు. అక్కడ తారసపడ్డాడు చార్లెస్ బీన్. ఈయన 1879లో పుట్టినవాడు; పత్రికా విలేఖరి; 1915 ఏప్రిల్ 25న గలిపొలీ తీరంలో సైనికులతోపాటు దిగి, వారు పడిన పాట్లన్నీ కళ్లార చూచినవాడు. ఆస్ట్రేలియా యుద్ధచరిత్ర రచనాభారం ఈయన భుజాలమీద ఉన్నది. ఇద్దరూ ధైర్యవంతులే, ఇద్దరూ సైనికులను ప్రేమించినవారే. అయినప్పటికీ నెలరోజులు గడవకముందే తగవు వచ్చింది.

హర్లీ వాదం ఇది. నేటి యుద్ధం ఒకచోట జరిగేది కాదు. మైళ్ల పొడుగున మనుషులు కందకాలలో దాగి ఉంటారు. గుండు ఒకచోట పేలుతుంది, మనిషి మరొకచోట కూలుతాడు, విమానం ఇంకెక్కడో ఎగురుతుంది. వీటన్నిటినీ ఒక్క పలకమీద ఒక్క క్షణంలో పట్టడం ఎవరి తరమూ కాదు. తాను కన్నులారా చూచినది పటంలో చూపాలంటే పలు నెగటివులను కలుపక తప్పదు. బీన్ వాదం దానికి పూర్తిగా ఎదురు. కొడుకును పోగొట్టుకొన్న తల్లి ఈ పటాన్ని చూస్తుంది. నూరేళ్ల తరువాత చరిత్రకారుడు చూస్తాడు. ఒక్కపటం అల్లినదని తెలిసిన మరుక్షణం మిగిలిన వెయ్యిపటాలమీద కూడ అనుమానం పుడుతుంది. కనుక కలిపినది ఎంత అందంగా ఉన్నా పనికిరాదు. తగవు ముదిరి అక్టోబరులో హర్లీ రాజీనామా చేస్తానన్నాడు. చివరకు ఆరు సంయుక్తచిత్రాలు మాత్రం చేయవచ్చుననీ, అవి అట్టివని స్పష్టంగా తెలుపవలెననీ ఒడంబడిక కుదిరింది.

ఆ సంవత్సరం చివర హర్లీని పాలస్తీనా రంగానికి పంపారు. బురదలో కూరుకొన్న ఫ్లాండర్సునుంచి వెలుగుతో నిండిన ఎడారికి వచ్చిన ఆయనకు ప్రాణం లేచివచ్చి ఉండాలి. బీన్ ఇక్కడ లేడు. ఇక్కడి యుద్ధానికి గుర్రాలున్నాయి, ఒంటెలున్నాయి, దిగంతం ఉన్నది. బీర్షెబాపై ఆశ్వికదళం దూకిన 1917 అక్టోబరు 31నాటికి హర్లీ ఇంకా ఫ్రాన్సు రంగంలోనే ఉన్నాడు. అయితేనేమి? ఆయన కోరినప్పుడు రౌతులు కెమేరా ముందు మళ్లీ గుర్రాలు ఉరికించారు.

రఫా పరిసరాల ఇసుకదిబ్బలలో అప్పుడు ఒంటెదళం విడిసి ఉన్నది. 1916లో ఏర్పడిన ఈ సామ్రాజ్య ఒంటెదళంలో నాలుగు పటాలాలు ఉండేవి. రెండు ఆస్ట్రేలియావారివి, ఒకటి బ్రిటిషువారిది, నాలుగవది ఆస్ట్రేలియా న్యూజీలాండు దేశీయులు కలిసినది. వారి వెంట నడిచిన ఫిరంగులు మాత్రం మనవారి చేతులలో ఉండేవి. హాంగ్‌కాంగ్ సింగపూర్ దళమని పేరేగాని, ఆ తుపాకులను పేల్చినవారు పంజాబునుంచి వెళ్లిన సిక్కులూ ముసల్మానులూ. మగ్దాబా, రఫా, గాజా పోరాటాలలో వారు పాల్గొన్నారు. యుద్ధచరిత్రలు చదివే మన విద్యార్థులకు ఈ సంగతి తరచుగా కంటబడదు గనుక ఇక్కడ చెప్పుతున్నాను.

ఎడారిలో పటం తీయడం ఎంత శ్రమో కొంచెం వివరించాలి. గాలిలో ఎగిరే ఇసుకలో సన్ననిరేణువే అసలు శత్రువు. కటకపు గొట్టంలో చేరితే గొట్టం తిరగదు. కెమేరా కన్ను మూసి తెరిచే గుడ్డతెరలో చేరితే తెర మధ్యలో ఆగిపోతుంది. పలక పెట్టే అరలో ఒక్కరేణువు పడినా, పలకను జరిపినప్పుడు దాని మందుపూతమీద వెంట్రుకంత గీత పడుతుంది. ఆ గీత ముద్రించిన పటంలో తాడంత అవుతుంది. పలకలు మార్చడానికి చీకటి కావాలి. గుడారమంతా కంతలే కనుక రాత్రిదాకా ఆగాలి. కడగడానికి నీరు కావాలి. ఒంటెకూ మనిషికీ కొలిచి పోసే చోట పటానికి నీరడగడం సులభం కాదు. దొరికిన నీరు వేడిగా ఉంటే గాజుమీది జిగురుపూత మెత్తబడి జారిపోతుంది. అందుకని తెల్లవారుజామున చల్లనివేళ ఆ పని ముగించుకోవాలి.

ఇన్ని కష్టాలు దాటి తెచ్చిన పలకను కడిగి చూస్తే ఏముంటుంది? పసుపుపచ్చని ధూళికాంతి ఆనాటి పలకలకు పెద్దగా ఆనదు. దగ్గరి ఒంటె ఒకటి రెండు నల్లగా, వెనుకవి నీడలుగా, వాటి వెనుక ఏమీలేక పటం చప్పగా మిగులుతుంది. తీసినవానికి మాత్రం దానిని చూడగానే ఆ గాలి అంతా జ్ఞాపకం వస్తుంది. చూడనివానికి రాదు. ఈ ఎడమును పూడ్చడమే చీకటిగదిలో హర్లీ చేసే పని.

ఆయన పద్ధతి ఇట్టిది. ఎత్తైన ఇసుకదిబ్బ అంచున, వెనుకనుంచి వెలుగు పడేటట్లు ఒంటెల బారును నడిపించి ఒక పటం తీసేవాడు. అందులో మెడల వంపులూ, కాళ్ల నీడలూ తేటగా వస్తాయి. ఆకాశం మటుకు ఖాళీ. మబ్బులు కమ్మిన ఆకాశాన్ని వేరొకరోజు, ఒక్కొక్కసారి వేరొకదేశంలో, తీసి ఉంచుకొనేవాడు. ముద్రించేటప్పుడు నేలభాగాన్ని మొదట కాగితంమీద పడనిచ్చి, పైభాగాన్ని అట్టముక్కతో కప్పేవాడు. అట్టను ఒకేచోట ఉంచితే అతుకు తెలిసిపోతుంది కనుక కదలిస్తూ ఉండేవాడు. తరువాత ఆ అట్టతో నేలను కప్పి ఆకాశాన్ని పడనిచ్చేవాడు. దిగంతంవద్ద రెండు చిత్రాలు కలిసేచోట ధూళి ఉంటే ఆ అతుకు సులువుగా దాగుతుంది. ఇసుక గాలి కెమేరాకు శత్రువు; చీకటిగదిలో మాత్రం మిత్రుడు! చిట్టచివరకు సన్నని కుంచెతో గీతలు పూడ్చి, అవసరమైనచోట వెలుగు పెంచి, మళ్లీ దానినంతా ఒక కొత్త నెగటివుగా తీసేవాడు. ఇది మంత్రం కాదు, గంటలతరబడి నిలబడి చేసే కూలిపని. ఆ పనిలో ఆయనకు సాటివచ్చేవారు ఆ కాలంలో అరుదు.

వీటన్నిటితోపాటు పేజెట్ పలకలనే రంగుచిత్రపు పలకలను గూడ ఆయన ఎడారిలో వాడాడు. పూలు కోసే రౌతు పటం అట్టిదే. ఆ పలకలకు వెలుగు ఎక్కువసేపు సోకాలి గనుక ఎదుటివారు కదలకుండ నిలవాలి. గాలిలో నడిచే ఒంటెకు అవి పనికిరావు. రంగు కావలిస్తే తుఫాను ఉండదు, తుఫాను కావలిస్తే రంగు ఉండదు.

కైరోలో సంగీతనాటకాలలో పాడే ఆంట్వానెట్ అనే యువతి పరిచయమై, పదిరోజులకే, 1918 ఏప్రిల్ 11న ఆయనకు ఇల్లాలైంది. పటాలు తీయడంలో గంటలతరబడి మేఘంకోసం వేచి ఉండే మనిషి పెళ్లికి అంత ఓపిక పట్టలేదన్నమాట.

ఆ సంవత్సరం మే నెలలో లండనులోని గ్రాఫ్టన్ చిత్రశాలలో ఆస్ట్రేలియా యుద్ధచిత్రాల ప్రదర్శన జరిగింది. ఇరవై అడుగులకు పైబడిన పొడుగు, పదిహేను అడుగుల ఎత్తుగల ఒక బృహత్పటం అక్కడ జనాన్ని ఆకర్షించింది. కందకం నుంచి పైకి లంఘించే సైనికులు, పేలే గుండ్లు, తలపైన విమానాలు. పన్నెండు నెగటివులను కలిపి చేసిన చిత్రమది. ఫ్రాన్సూ, పాలస్తీనా రంగాల రంగుపటాలను కూడ తెరపై చూపారు. జనం మెచ్చారు, బీన్ మనసు నొచ్చింది. ఆ ప్రదర్శనను ఆస్ట్రేలియాకు తీసుకువెళ్లే హక్కు గురించి పైవారితో పేచీ వచ్చి, జూలైలో హర్లీ కొలువు వదులుకొన్నాడు.

వీరిలో ఎవరిది న్యాయమని విద్యార్థులు అడుగుతారు. నా మటుకు నేను ఇట్లా అనుకొంటాను. ఒంటెల బారు వెనుక మరొకనాటి మేఘాన్ని నిలిపినందువల్ల ఆ ఒంటెలకు గాని, వాటిని నడిపిన మనిషికి గాని అన్యాయం జరుగదు. పటం కింద ఆ సంగతి ఒక్కముక్క వ్రాస్తే చాలును. కాని చచ్చిపోయినవానిపై ఎన్నడూ ఎగురని విమానాన్ని ఎగురవేస్తే, ఆ పటాన్ని సాక్ష్యంగా ఎవరు వాడుకొంటారో మనకు తెలియదు. బీన్ భయపడినదే జరిగింది. హర్లీ తీసిన పటాలలో అత్యధికం మచ్చలేని నిజాలు. అయినా నేడు వాటిలో దేనిని చూచినా ఇది అతుకా, అసలా అని వెతకడం పండితులకు అలవాటైపోయింది. అట్లని బీన్ కోరిన పటాలు మాత్రమే ఉండి ఉంటే, ఆ యుద్ధాన్ని తలచుకొనేవారి సంఖ్య తగ్గి ఉండేదేమో కూడ ఆలోచించాలి.

తరువాతి ఇరవై ఏళ్ల కథ త్వరగా చెప్పుకోవచ్చు. పాపువా అడవులలో తిరిగి 1921లో చలనచిత్రం తీశాడు. 1929 నుంచి 1931 వరకు మాసన్‌తో మళ్లీ దక్షిణ సముద్రాలకు వెళ్లాడు. సిడ్నీలో కథాచిత్రాలకు ఛాయాగ్రాహకుడైనాడు. 1940లో రెండవ ప్రపంచయుద్ధం ఆయనను మళ్లీ ఎడారికి పిలిచింది. అప్పటికి వయస్సు యాభైయైదు. బార్డియా, టోబ్రూక్ పోరాటాల కాలంలో లిబియా ఎడారిలో అదే గాలి, అదే ఇసుక. ఇప్పుడు ఒంటెకు బదులు లారీ. చలనచిత్రపు యంత్రంలో ఇసుక పడితే ఒక్క పలక కాదు, ఫిల్ముచుట్ట మొత్తం గీతలు పడుతుంది. ఆయన కింద పనిచేసిన కుర్రవారికి పెద్దాయన పద్ధతి పాతబడినదిగా తోచింది. వారిలో డేమియన్ పారర్ ఒకడు. ఉన్న క్షణాన్ని ఉన్నట్లే, ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరనుంచి పట్టాలన్నది ఇతని మతం. ఇతని చిత్రీకరణతో తయారైన కొకోడా చిత్రానికి 1943లో అమెరికా అకాడమీ బహుమతి వచ్చింది. 1944 సెప్టెంబరులో పెలెలియు దీవిలో సైనికులను చిత్రిస్తూనే గుండు తగిలి పారర్ మరణించాడు. పెద్దాయన ఇదివరకటి వలెనే దృశ్యాన్ని అమర్చుకొని, మేఘంకోసం వేచి ఉండేవాడు. 1946 వరకు పశ్చిమాసియాలోనే ఉండి, ఈజిప్టు, పాలస్తీనా, సిరియా దేశాల పల్లెలనూ, దేవాలయాలనూ, ఒంటెల బిడారులనూ వేలకొలది పటాలుగా పట్టుకొని ఇంటికి వచ్చాడు. వాటిలో కొన్నిటితో 1949లో జెరూసలేమును గురించి పుస్తకం వెలువరించాడు.

చివరి పన్నెండు పదమూడేళ్లూ స్వదేశపు అందాలను పుస్తకాలుగా అచ్చువేయడంలో గడిచాయి. ఒకే మేఘం రెండు వేర్వేరు ఊళ్లమీద కనిపిస్తున్నదని పటాలను జాగ్రత్తగా చూచినవారు కనిపెట్టారు. ఆయన అందుకు సిగ్గుపడినట్లు లేదు. కెమేరా బరువు మోసే అలవాటు చివరిదాకా మానలేదు. 1962 జనవరి 16వ తేదీన సిడ్నీ శివారున కొలరాయ్ మిట్టమీది స్వగృహంలో హర్లీ మరణించాడు. బీన్ మరి ఆరేళ్లు జీవించి 1968లో కన్నుమూశాడు. హర్లీ మంచులో వదలివచ్చిన ఎండ్యూరెన్స్ ఓడను 2022 మార్చిలో సముద్రపు అడుగున కనుగొన్నారు. వెనుకభాగాన పేరు ఇంకా చదవడానికి వీలుగా ఉన్నది.

హర్లీ తీసిన యుద్ధపు నెగటివులు నేడు కాన్‌బెర్రాలో, బీన్ కలలుగని కట్టించిన యుద్ధస్మారకశాలలోనే భద్రంగా ఉన్నాయి. తక్కిన సంచయం చాలవరకు అదే నగరంలోని జాతీయ గ్రంథాలయంలో ఉన్నది. అక్కడి పెట్టెలలో నేలగాని, మనిషిగాని, ఒంటెగాని లేకుండా మేఘాలు మాత్రమే ఉన్న నెగటివులు కూడ కనబడతాయి.